తాళంచెవి అడిగిన తప్పు

కేన్ హాలో, టెనసీ
1996 జూన్ 3

రోండా,

ఫోనులో నాకు సగం మాటలు వినపడవు, వినపడిన సగానికి నేను చెప్పే జవాబు నీకు అర్థం కాదు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు, విషయం పెద్దది.

మొన్న ఆదివారం డెకరేషన్ రోజు, ఏటా మనవాళ్ళ సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే రోజు. ఎప్పటిలాగే పూలు, పారలు, చీపుళ్ళు, వండిన గిన్నెలు అన్నీ ట్రక్కుల్లో సర్దుకుని సమాధుల గుట్ట కింద గేటు దగ్గరికి వెళ్ళాం. గేటుకి కొత్త తాళం వేలాడుతోంది. అటవీ ఆఫీసులో మన మెల్విన్ రిటైరయ్యాడు కదా, అతని కుర్చీలోకి ఒక కొత్త అధికారి వచ్చాడు. గడ్డం కూడా సరిగ్గా రాలేదు. దారి ప్రభుత్వ అడవిలో ఉంది కాబట్టి బళ్ళు వెళ్ళడానికి వీల్లేదట, కావాలంటే నడిచి వెళ్ళొచ్చట. తాళంచెవి ఇమ్మని మర్యాదగానే అడిగాను. ఇవ్వనన్నాడు, అదీ మర్యాదగానే.

పైకి రెండు మైళ్ళు నిలువు ఎక్కుడు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. డెల్ఫా వదిన నాకంటే పదేళ్ళు పెద్దది. కుర్రాళ్ళు నడిచి వెళ్ళి సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టొచ్చారు. మేం ముసలివాళ్ళం గేటు దగ్గర మడతకుర్చీలు వేసుకుని వేయించిన కోడి తిన్నాం. పెళ్ళికి పిలిచి గుమ్మం బయట విస్తరి వేసినట్టుంది.

మీ మామయ్య ఆర్విల్ ఉన్నది ఆ గుట్ట మీదే. ఆయన రాతి మీద నా పేరు కూడా చెక్కించి ఉంది, చివరి తేదీ ఒక్కటే ఖాళీ. ఆ ఖాళీ నింపాల్సిన రోజున నన్ను పైకి ఎలా తీసుకెళ్తారు? నేను అడుగుతున్నది అంతే.

అందుకని మన కౌంటీ కోర్టులో కేసు వేస్తున్నాను. జడ్జి డ్వైట్ చిన్నప్పుడు నా సండే స్కూల్లో చదువుకున్నవాడే, ఒక పూటలో తేల్చేస్తాడు. నువ్వు కూడా సిన్సినాటిలో ఆ పెద్ద కోర్టులోనే కదా పనిచేసేది. ఎవరికైనా ఒక మాట చెప్పి ఉంచు.

మీ నాన్నని చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోమను, చర్చి ఫోటోలో చూశాను.

మీ అత్తయ్య
ఒలీటా


సిన్సినాటి
1996 జూన్ 17

ప్రియమైన అత్తయ్యా,

గుండీల మాట నాన్నకి చెప్పాను. ఫోటో తీసినవాడిదే తప్పన్నాడు.

గేటు సంగతి చదివి నాకూ ఒళ్ళు మండింది. కానీ కౌంటీ కోర్టుకి వెళ్ళకు. డ్వైట్ ఎంత మంచివాడైనా అతని చేతిలో ఈ కేసు పనికిరాదు. విడాకులు, వీలునామాలు, నీకూ పక్కింటివాళ్ళకీ కంచె తగాదా, ఇలాంటివన్నీ అతను తేలుస్తాడు. నువ్వు తగాదా పడుతున్నది అమెరికా ప్రభుత్వంతో. ప్రభుత్వ భూమిలో నాకు హక్కుంది అని ప్రభుత్వం మీదే కేసు వేయాలంటే ఫెడరల్ కోర్టుకే వెళ్ళాలి. నీకు దగ్గరలో ఉన్నది గ్రీన్‌విల్‌లో. సాక్షుల్ని విని, కాగితాలు చూసి, ఏం జరిగిందో తేల్చేది అక్కడే.

ఇక మాది పెద్ద కోర్టు అన్నావు. మా దగ్గరికి తిన్నగా ఎవరూ రారు. టెనసీలాంటి చోట్ల కింది ఫెడరల్ కోర్టులో ఓడిపోయినవాళ్ళు, తీర్పులో తప్పుందనుకుంటే వస్తారు. అందులో నేను కాగితాలు తీసుకుని ముద్ర వేసి దస్త్రంలో పెట్టే మనిషిని. జడ్జీల్లో నాతో మాట్లాడేది ఒకరే, అదీ లిఫ్టులో, వాతావరణం గురించి.

గ్రీన్‌విల్‌లో బ్రాయిల్స్ అని ఒక లాయరు ఉన్నాడు. నత్తి ఉంది, కానీ నిదానంగా మాట్లాడతాడు కాబట్టి జడ్జీలు శ్రద్ధగా వింటారు. మీ మామగారు ప్రభుత్వానికి భూమి అమ్మినప్పటి దస్తావేజు తీసుకుని అతన్ని కలువు.

రోండా


కేన్ హాలో
1997 మార్చి 24

రోండా,

నువ్వు చెప్పినా వినకుండా డ్వైట్ దగ్గరికే వెళ్ళాను, ఒప్పుకుంటాను. పాపం లేచి నిలబడి మరీ చెప్పాడు, ఇది నా చేతిలో లేదమ్మా అని. తర్వాత గ్రీన్‌విల్ వెళ్ళాం. అదీ అయిపోయింది. ఓడిపోయాం.

ఎలా ఓడిపోయామో వింటే నవ్వొస్తుంది. దస్తావేజులో మా మామగారు రాయించిన మాట స్పష్టంగా ఉంది: భూమి మీకు, సమాధులూ వాటికి వెళ్ళే బండిదారీ మాకు. బ్రాయిల్స్ అది చదివినప్పుడు జడ్జి తల ఊపాడు. ఇక గెలిచాం అనుకున్నాను. అప్పుడు ప్రభుత్వం తరపు లాయరమ్మ లేచింది. చక్కటి పిల్ల, చూడముచ్చటగా ఉంది. గేటు పెట్టినప్పటినుంచీ ప్రతి మే నెలలో ఆఫీసుకి వెళ్ళి తాళంచెవి అడిగేవారా అంది. అడిగేదాన్ని అన్నాను. ఇచ్చాక థాంక్స్ చెప్పేవారా అంది. చెప్పకుండా ఎలా ఉంటాను, మెల్విన్‌కి ఏటేటా ఎండు యాపిల్ కేకు కూడా పట్టుకెళ్ళేదాన్ని అన్నాను. గర్వంగానే చెప్పాను. బ్రాయిల్స్ కళ్ళు మూసుకున్నాడు.

జడ్జి తీర్పు ఏమిటంటే, హక్కున్నవాళ్ళు అనుమతి అడగరు, వీళ్ళు ఇన్నేళ్ళు అడిగారు కాబట్టి దారి మీద హక్కు వదులుకున్నట్టే లెక్క, ఇక మిగిలింది కాలినడక. అంటే చూడు, నేను తలుపు తన్ని లోపలికి వెళ్ళే రకం ఐతే గెలిచేదాన్ని. మర్యాదగా బతికినందుకు ఓడిపోయాను. ఈ కొండల్లో ఎవర్నైనా అడుగు, ఇంకొకరి చేతిలో తాళంచెవి ఉంటే ఇమ్మని అడుగుతాం. లాక్కోం.

డెల్ఫా వదిన ఐతే కోర్టు మెట్ల మీదే జడ్జి గురించి ఒక మాట అంది, అది రాయను.

సిన్సినాటికి వస్తున్నాం. మీ ముగ్గురు జడ్జీల ముందు నేనే నిలబడి చెప్తాను. మెల్విన్‌ని కూడా తీసుకొస్తాను, కేకు నేను ఇచ్చింది లంచంగా కాదని అతనే చెప్తాడు.

ఒలీటా అత్తయ్య


సిన్సినాటి
1997 ఏప్రిల్ 5

అత్తయ్యా,

మెల్విన్ వద్దు. నువ్వూ వద్దు. మా కోర్టులో సాక్షులు ఉండరు. కింది కోర్టు బొంత కుడుతుంది, మా కోర్టు దాన్ని తిరగేసి కుట్లు చూస్తుంది. కొత్త గుడ్డముక్క పట్టుకొస్తే తీసుకోదు. నువ్వు ప్రతి ఏడూ తాళంచెవి అడిగావన్నది తేలిపోయిన విషయం, దాన్నిక ఎవరూ మార్చరు. అడిగినంత మాత్రాన హక్కు పోతుందా లేదా, అది చట్టం సంగతి. ముగ్గురూ చూసేది ఆ ఒక్కటే. బ్రాయిల్స్ రాతపూర్వకంగా చెప్తాడు, తర్వాత పావుగంట నిలబడి మాట్లాడతాడు. అక్కడ కూడా ఓడిపోతే పైన వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు ఉంది కదా అంటావేమో. వాళ్ళు తమకి కావలసిన కేసులు తాము ఏరుకుంటారు. నూటికి ఒకటి తీసుకుంటే గొప్ప. కాబట్టి నీకు ఇదే ఆఖరి మెట్టు అనుకో.

ఇంకో మాట, ఇది జాగ్రత్తగా చదువు. నువ్వు అప్పీలు వేసిన క్షణం నుంచి ఈ కేసు గురించి నీతో ఒక్క ముక్క మాట్లాడకూడదు నేను. మా పైఅధికారికి ఇవాళే చెప్పాను, ఆ దస్త్రం నా బల్ల మీదికి రాదు. నాకు ఏమీ తెలియదు, తెలిసినా చెప్పను. కోపం తెచ్చుకోకు.

డెల్ఫా అత్త అన్న మాట మాత్రం నాన్నకి రాసి పంపు.

రోండా


కేన్ హాలో
1997 ఆగస్టు 28

రోండా తల్లీ,

ఈ ఏడు యాపిల్స్ విరగకాశాయి. నేనూ డెల్ఫా వదినా పెరట్లో రాగి కాగు పెట్టి పొద్దుటినుంచి చీకటి పడేదాకా యాపిల్ గుజ్జు కాచి యాపిల్ బటర్ చేశాం. ఆవిడ గరిట నాకు ఇవ్వలేదు. నువ్వు తిప్పితే అడుగంటుతుంది అంది. ఈ వయసులో కూడా ఆవిడ ముందు నేను కొత్తకోడలినే.

పార్సెల్లో సీసాలు పంపుతున్నాను. రెండు నీకు, ఒకటి నాన్నకి. మిగిలినవి ఆ ముగ్గురు జడ్జీలకి, మీ ఆఫీసులో వాళ్ళకి. కేసు గురించి ఏమీ అనక్కర్లేదు. టెనసీ నుంచి ఒక ముసలావిడ పంపింది అను చాలు. మన ఊరికి పేరు తెచ్చే రుచి.

అత్తయ్య


సిన్సినాటి
1997 సెప్టెంబరు 4

అత్తయ్యా,

పార్సెల్ విప్పకుండా తిరిగి పంపిస్తున్నాను. నాది కూడా. తీసుకోకూడదు. ఇంతకంటే ఏమీ రాయలేను.

డెల్ఫా అత్తకి నా ముద్దులు.

రోండా


కేన్ హాలో
1998 జనవరి 19

రోండా,

పార్సెల్ తిరిగొచ్చాక నీకు రాయకూడదనుకున్నాను. తాడు ముడి కూడా విప్పలేదు నువ్వు. డెల్ఫా వదిన ఐతే, పిల్ల పట్నంలో పెద్దదైపోయింది, మన సీసాలు వాళ్ళ బల్లకి నప్పవు అంది. నేను నీ తరపున వాదించాను, కానీ నాకే నమ్మకం లేదు.

ఇప్పుడు రాయక తప్పడం లేదు. వదిన పోయింది. శుక్రవారం పొద్దున్న స్టవ్ ముందు కూర్చుని సాక్సులు వేసుకుంటూ ఒరిగిపోయింది. నొప్పి తెలియకుండా పోయిందని డాక్టరు అన్నాడు, నమ్ముతాను.

వాళ్ళ అమ్మానాన్నల పక్కన, గుట్ట పైన, ఆవిడ చోటు ఎప్పుడో గుర్తుపెట్టి ఉంది. బయట చూస్తే మంచు, వడగళ్ళు, బురద. అటవీ ఆఫీసుకి వెళ్ళి అడిగితే శవపేటిక ఉన్న బండికి గేటు తీస్తారని హోబర్ట్ అన్నాడు. అతను మా పక్కింటివాడు, మన చర్చి పెద్ద. బ్రాయిల్స్‌కి ఫోను చేశాం. అతను అన్నాడు, అడగొద్దని నేను చెప్పలేను ఒలీటా గారూ, కానీ మనం ఓడిపోయింది అడిగినందుకే, తీర్పు రాకుండా మళ్ళీ వెళ్ళి అడిగితే మనమే ఒప్పుకున్నట్టవుతుంది అని. నిర్ణయం నాకే వదిలేశాడు.

నేను అడగలేదు.

హోబర్ట్, అతని అన్నదమ్ములు, చర్చి వాళ్ళు వంతులవారీగా భుజాల మీద మోసుకెళ్ళారు. రెండు మైళ్ళూ. ఒకచోట కాళ్ళు జారి మోకాళ్ళ మీద పడ్డారట, పేటిక మాత్రం నేలకి తగలనివ్వలేదట. నేను గేటు దగ్గర నిలబడి, వాళ్ళు వంపు తిరిగేదాకా చూశాను. నలభై ఏళ్ళు ఒకే వంటింట్లో పోట్లాడుకుంటూ బతికాం. ఆవిడని మట్టిలో పెట్టేటప్పుడు నేను పక్కన లేను.

నువ్వు ఆ కోర్టులోనే కూర్చుంటావు. చట్టం నీకు తెలుసు. ఒక్క ముక్క రాయి. నేను చేసింది సరేనా కాదా? అవును అను, లేదంటే కాదు అను. ఇంకేమీ అడగను.

ఒలీటా


సిన్సినాటి
1998 జనవరి 24

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాకు బిస్కట్ పిండి కలపడం నేర్పింది డెల్ఫా అత్తే. వేళ్ళతో కలుపు, కోపంతో కలపకు అనేది. ఆవిడ నా గురించి అలా అనుకుంటూనే పోయిందంటే తట్టుకోలేకపోతున్నాను.

నువ్వడిగిన ముక్క మాత్రం రాయలేను. ఉద్యోగం పోతుందని కాదు. రేపు ఆ తీర్పు ఎటు వచ్చినా, దాని మీద నా వేలిముద్ర ఉండకూడదు. నువ్వు గెలిస్తే మేనకోడలు గెలిపించింది అని ఎవరూ అనకూడదు. మన దారి మనకి అలా రాకూడదు.

నన్ను తిట్టుకో. కానీ నీ రోండాని మరిచిపోకు.


కేన్ హాలో
1998 మార్చి 12

రోండా,

బ్రాయిల్స్ కారేసుకుని స్వయంగా వచ్చాడు. గెలిచాం. ముగ్గురికి ముగ్గురూ.

నీకు రాస్తే చదవడానికి అభ్యంతరం లేదనుకుంటాను, లోకమంతా చదవొచ్చని బ్రాయిల్స్ అన్నాడు. మొత్తం నేనే చదివాను, కళ్ళజోడు తుడుచుకుంటూ. గ్రీన్‌విల్ జడ్జి జరిగింది సరిగ్గానే గ్రహించాడు, చట్టం మాత్రం తప్పుగా పట్టుకున్నాడు అని రాశారు. దస్తావేజులో రాసి ఉన్న హక్కు, కావాలని వదులుకుంటేనే పోతుంది. ఒకరి దారికి ఇంకొకరు గేటు పెట్టి తాళం వేస్తే, గొడవెందుకని తాళంచెవి అడిగి తీసుకున్నంత మాత్రాన దారి వాళ్ళది ఐపోదు. ఇరుగుపొరుగు మర్యాదని చట్టం శిక్షించదు. బండిదారి ఆ కుటుంబాలదే. ప్రభుత్వం గేటు ఉంచుకోవచ్చు, తాళంచెవి ఒకటి వాళ్ళకి ఇవ్వాలి.

బ్రాయిల్స్ నత్తి లేకుండా నవ్వాడు. హోబర్ట్ నా వంటింట్లో గంతులేశాడు. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు.

వాళ్ళు వెళ్ళాక ఆ వాక్యం మళ్ళీ చదివాను. అడిగినంత మాత్రాన ఏమీ పోదు. అంటే జనవరిలో నేను అడిగినా ఏమీ పోయేది కాదు. వదిన బండిలో వెళ్ళేది, నేనూ పక్కన కూర్చుని వెళ్ళేదాన్ని. ఆ పిల్లలు బురదలో పడేవాళ్ళు కాదు. గెలిచిన కాగితమే ఆ మాట నాకు చెప్పింది.

నువ్వు అప్పుడు ఒక్క ముక్క రాసి ఉంటే ఎంత బాగుండేది.

ఒలీటా


సిన్సినాటి
1998 జూన్ 13

అత్తయ్యా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టుకునే ఉంటావు. సుప్రీంకోర్టుకి వెళ్ళడానికి ప్రభుత్వానికి ఇచ్చిన గడువు మొన్ననే దాటింది. వాళ్ళు వెళ్ళలేదు. కేసు పూర్తిగా ముగిసింది. ఇక నా నోటికి తాళం లేదు.

మొదట సీసాల సంగతి. జడ్జీల ముందు కేసు ఉన్న మనిషి దగ్గర్నుంచి ఆ కోర్టులో పనిచేసేవాళ్ళు ఏదీ పుచ్చుకోకూడదు. చెంచాడు యాపిల్ బటర్ కూడా. నీ ముడి చూడగానే గుర్తుపట్టాను, అందుకే విప్పలేదు. విప్పితే తినకుండా ఉండలేను. ఆ పార్సెల్ పోస్టులో వేసి, ఇంటికొచ్చి వట్టి బ్రెడ్డు తిన్నాను.

ఇక జనవరి సంగతి. నువ్వు అనుకుంటున్నది తప్పు. నాకు అప్పుడు తెలిసి దాచానని అనుకుంటున్నావు. నాకు తెలియదు. బ్రాయిల్స్‌కి తెలియదు. ఆ ముగ్గురికి కూడా ఇంకా తెలియదేమో, తీర్పు రాయడం మొదలుపెట్టి ఉండరు. గ్రీన్‌విల్ జడ్జి చదువుకున్నవాడు, అనుభవమున్నవాడు, ఆయన అడిగితే హక్కు పోతుంది అన్నాడు. ఆ రోజుకి నీకున్న తీర్పు అదొక్కటే. నువ్వు దాన్ని నమ్మి నిలబడ్డావు. మార్చిలో తెలిసినదాంతో జనవరిలోని నిన్ను తిట్టకు. మా కోర్టులో కూడా అలా చేయం. కింద జడ్జి ముందు ఆ రోజు ఏముందో అదే చూస్తాం.

అప్పుడు నేను స్వేచ్ఛగా రాయగలిగి ఉన్నా, నాకు తెలియదు అత్తయ్యా అనే రాసేదాన్ని. ఆ మాట మాత్రం రాసి ఉండాల్సింది అని ఇప్పుడనిపిస్తోంది. నిన్ను ఒంటరిగా వదిలేశాను. అందుకు బాధగా ఉంది.

డెకరేషన్ ఎలా జరిగింది? నువ్వు రాయకపోతే బస్సెక్కి వచ్చి అడుగుతాను.

రోండా


కేన్ హాలో
1998 జూన్ 21

రోండా తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు తెలిసి దాచావనే అనుకున్నాను, నిజమే. నీకూ తెలియదంటే నాకు ఎంత తేలికైందో చెప్పలేను. తెలియనివాళ్ళం చాలామందిమి ఉన్నామన్నమాట.

డెకరేషన్ ఇలా జరిగింది. ఆ కొత్త అధికారి ముందురోజు ఇంటికొచ్చి తాళంచెవి ఇచ్చాడు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. ఇవ్వకూడదని చట్టం ఏమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే హోబర్ట్ ట్రక్కులో ముందు సీట్లో కూర్చుని పైకి వెళ్ళాను. జనవరిలో వాళ్ళు జారిపడ్డ చోటు చూపించమన్నాను. చూపించలేదు. దారి మారిపోయింది, గుర్తులేదు అన్నాడు.

డెల్ఫా వదిన మట్టి అప్పుడే కుదురుకుంది, గడ్డి లేచింది. కుర్చీ వేసుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. తీర్పు చెప్పాను. నువ్వు ముడి ఎందుకు విప్పలేదో అప్పటికి నాకే తెలియదు, లేకపోతే అదీ చెప్పేదాన్ని. తర్వాత ఏడుపొచ్చింది. నీకు బండి అడగలేదే వదినా, క్షమించు అన్నాను, అందరూ వింటుండగా.

హోబర్ట్ పార కింద పెట్టి నా పక్కన చతికిలబడ్డాడు. "గేటు బార్లా తెరిచి ఉన్నా మేం భుజాల మీదే తెచ్చేవాళ్ళం ఒలీటా. డెల్ఫా ట్రక్కు వెనక పడుకుని వచ్చే మనిషా?" అన్నాడు.

అది అబద్ధం. ఆ వడగళ్ళలో, ఆ బురదలో, బండి ఉండగా ఎవరూ మోయరు. అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ మాట అన్నప్పుడు అతను భుజం నిమురుకున్నాడు, ఇంకా నొప్పి పోలేదేమో. అంత నొప్పి పెట్టుకుని నా కోసం అబద్ధం చెప్పే మనిషి ముందు ఇక ఏడవలేకపోయాను. లేచి గిన్నెలు విప్పాను. మీ మామయ్య రాయి పక్కనే దుప్పటి పరిచి అందరం తిన్నాం.

నీకో పని చెప్తాను, రాసి పెట్టుకో. నేను పోయిన రోజున ఎవరూ నన్ను మోయకూడదు. ఎవరినీ అడగకూడదు. తాళం తీసి, ట్రక్కులో వేసి, తిన్నగా పైకి తీసుకెళ్ళండి. ఆ దారి కోసమే మూడు కోర్టులు తిరిగాను. తొందరేమీ లేదు, నాకు ఇంకా చాలా పనులున్నాయి.

మీ అత్తయ్య
ఒలీటా